దాయీ చెంబులో మహానది

నా చిన్నప్పుడు అని నేను నోరు తెరవగానే మా అన్నయ్య పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. తల నెరవనివాళ్ళకి చిన్ననాటి కబుర్లు చెప్పే హక్కు లేదని వాళ్ళ అభిప్రాయం. ఏం చేస్తాం, ఇప్పుడు ఇంట్లో మామ్మా తాతయ్యా లేరు కాబట్టి ఆ పెద్దరికం నా నెత్తిన పడింది. అందుకని వాళ్ళు నవ్వినా సరే, మా పెరట్లోకి ఎనిమిది బంగారు చేపలు ఎలా వచ్చాయో, అందులో ఆరు ఎలా పోయాయో, మిగిలిన రెండూ ఎలా బతికాయో ప్రతి సెలవులకీ ఒకసారి చెప్పి తీరతాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. రాయపూర్ రాజధాని అయిన కొత్త. ఊరంతా రోడ్లు తవ్వుతూ, బోర్డులు మారుస్తూ హడావిడిగా ఉండేది కానీ మా రైల్వే కాలనీని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. తాతయ్య విజయనగరం వైపు నుంచి గార్డు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరయ్యాడు. నాన్న కూడా రైల్వేలోనే చేరి అదే కాలనీలో క్వార్టరు తెచ్చుకున్నాడు. అన్నయ్య హాస్టల్లో ఉండేవాడు. అమ్మా నాన్నా ఉద్యోగాలకి వెళ్ళిపోతే పగలంతా ఇంట్లో నేను, తాతయ్య, మామ్మ.

బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ళింట్లో అద్దాల పెట్టెలో చేపలుండేవి. నాకూ కావాలని రెండు రోజులు అన్నం మానేసినంత పని చేశాను. తాతయ్యకి అద్దాల పెట్టె నచ్చలేదు. చేపని జైల్లో పెట్టి చూడటం ఏమిటని, పెరట్లో జామచెట్టు పక్కన తానే గొయ్యి తవ్వి సిమెంటు తొట్టి కట్టడం మొదలుపెట్టాడు. నులకమంచం పట్టేంత తొట్టి. దాంతో మామ్మ గోంగూర మడిలో సగం ఎగిరిపోయింది. రాయపూర్ బజారులో అమారీ అనే పేరుతో గోంగూర దొరుకుతుంది గానీ దాన్ని గోంగూరగా మా మామ్మ ఏనాడూ ఒప్పుకోలేదు, ఊరి నుంచి విత్తనాలు కొంగున ముడేసుకుని తెచ్చి ఆ మడి పెంచింది. అందుకని పెద్ద గొడవైంది. చివరికి, చేపలు నిలిస్తే తొట్టి ఉంటుంది, నిలవకపోతే మట్టి పోసి పూడ్చేసి ఆ చోటు మళ్ళీ మడికే ఇచ్చేయాలి అన్న ఒప్పందం మీద తాతయ్య బయటపడ్డాడు.

మే నెలంతా తాతయ్య తొట్టిని తడుపుతూ, నింపుతూ, ఖాళీ చేస్తూ గడిపాడు. జూన్‌లో వానలు పడి తొట్టి దానంతటదే నిండింది. నీళ్ళు తేటపడ్డాక ఒక ఆదివారం మేమిద్దరం సైకిలు మీద బజారుకి వెళ్ళి ప్లాస్టిక్ సంచీలో ఎనిమిది చేపలు తెచ్చాం. దారి పొడవునా ఆ సంచీని రెండు చేతులా గుండెకి హత్తుకుని కూర్చున్నాను. సైకిలు గతుకులో పడినప్పుడల్లా తాతయ్య వెనక్కి తిరిగి ప్యాసింజర్లు క్షేమమేనా అని అడిగేవాడు.

ఆ చేపల మీద ఎక్కువ ప్రేమ పెంచుకున్నది నేను కాదు, తాతయ్యా కాదు. మడి పోయిందని సణిగిన మా మామ్మే. పొద్దున్నే పూజ చేసుకుని, పీట తెచ్చుకుని తొట్టి పక్కన కూర్చునేది. రెండు అటుకులు నలిపి వేసి, వాటితో ఇంటి సంగతులన్నీ చెప్పేది. తాతయ్య మీద చాడీలు కూడా వాటికే చెప్పేది. చేపల పులుసు లేనిదే ఆదివారం ఆదివారమే కాదనే మనిషి, ఆ నెలలో పులుసు మాటే ఎత్తలేదు. నాన్న అడిగితే, వాటి ఎదురుగా ఎలా తింటాం రా అంది.

అలా నెలన్నర హాయిగా గడిచింది. శ్రావణమాసం వచ్చింది. మొదటి శుక్రవారానికి ముందు మామ్మ ఇల్లంతా కడిగింది. బూజులు దులిపింది, ఇత్తడి తోమింది, గడపలకి పసుపు రాసింది. పనిలో పనిగా తొట్టి అంచున పట్టిన పచ్చటి పాచి కూడా ఆమె కంట పడింది. చేపల్ని బకెట్‌లోకి తీయించి, తొట్టిని కొబ్బరిపీచుతో గీకి, కుళాయి నీళ్ళతో తళతళలాడేలా నింపింది. అడుగున చిల్లర పడినా కనిపించేంత తేటగా ఉందని నేను చప్పట్లు కొట్టాను.

మర్నాడు పొద్దున ఒక చేప పైకి తేలింది. మామ్మ పీట మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తాతయ్య జామచెట్టు మొదట్లో చిన్న గొయ్యి తీసి దాన్ని పాతిపెట్టాడు. ప్రాణం పోయిన నీళ్ళు మైల కదా, వాటిని ఇంట్లో ఉంచుకోకూడదు. మామ్మ ఆ నీళ్ళన్నీ కాలవలోకి పారబోయించి, తొట్టి మళ్ళీ గీకించి, పసుపు చల్లి, కొత్త నీళ్ళు పట్టించింది. మూడో రోజుకి ఇంకో రెండు పోయాయి. మళ్ళీ మైల, మళ్ళీ కడుగుడు, మళ్ళీ కొత్త నీళ్ళు.

ఇక ఇంట్లో తలా ఒక పరిశోధన మొదలైంది. తాతయ్యకి జీవితమంతా బండి ఏ స్టేషను ఎన్నింటికి దాటిందో రాసుకున్న అలవాటు. మొదటి నుంచీ జరిగినదంతా గుర్తుచేసుకుని రాస్తూ చేపలకీ ఒక నోటు పుస్తకం పెట్టాడు. ఫలానా తేదీ, ఉదయం ఆరూ పది, మూడో చేప మృతి, ఆకాశం మేఘావృతం అని రాశాడు. బజారుకి వెళ్ళి ఏదో నీలం రంగు మందు తెచ్చి చుక్కలు లెక్కపెట్టి వేశాడు. మామ్మ దిష్టి అనుకుని తొట్టి మీద నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీసింది. నేను పిల్లిని అనుమానించి కర్ర పట్టుకుని రెండు మధ్యాహ్నాలు కాపలా కాశాను. పిల్లి వచ్చి నా పక్కనే పడుకుంది కానీ తొట్టి వంక కన్నెత్తి చూడలేదు. ఆరో చేప పోయిన రోజున మామ్మ అన్నం ముట్టలేదు. ఈ ఇంట్లో ఏదో దోషం ఉందని, మిగిలిన రెండూ కూడా పోతే తాను చూడలేనని, రేపో ఎల్లుండో తొట్టి పూడ్చేయమని తాతయ్యతో చెప్పింది. మడి కోసం కాదు, ఆ తొట్టి కంటికి కనబడకూడదని. తాతయ్య తల ఊపాడు.

నాకు దుఃఖం, దుఃఖం వెనకే కోపం వచ్చాయి. ఎవరో ఒకరిని తిట్టాలి. మా గోడకి అవతల పక్కింటి దాయీ బట్టలుతికే బండ ఉంది. ఆమె ఛత్తీస్‌గఢ్ మనిషి, ఆరంగ్ దాటాక మహానది ఒడ్డున ఏదో పల్లె. కాలనీలో పిల్లలందరం ఆమెని దాయీ అనే పిలిచేవాళ్ళం, వాళ్ళ భాషలో అమ్మ అని. ఆ రోజు బండ మీద సబ్బు నురగ చూడగానే నాకు అంతా తెలిసిపోయినట్టు అనిపించింది. గోడెక్కి, మీ సబ్బు నీళ్ళ వల్లే మా చేపలు చస్తున్నాయి, మీకు పాపం తగులుతుంది అని హిందీలో గట్టిగా అరిచాను.

దాయీ కోప్పడలేదు. చేతులు కడుక్కుని, చెంబుడు నీళ్ళు తీసుకుని, నన్ను గోడ దిగి తమ వైపు రమ్మంది. బండ మీద ఆ నీళ్ళు పోసి చూడమంది. అవి మా గోడ వైపు కాకుండా బుద్ధిగా వాళ్ళ అరటిచెట్టు వైపు పారుకుంటూ పోయాయి. నాకు తల ఎత్తడానికి మొహం చెల్లలేదు. అప్పుడామె మా పెరట్లోకి వచ్చి తొట్టి పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు నీళ్ళని చూసింది, వాసన చూసింది. ఆమె తండ్రీ అన్నదమ్ములూ నదిలో వల వేసేవాళ్ళని నాకు అప్పటికి తెలియదు. మామ్మని అడిగి ఆ రెండు చేపల్నీ తన ఇంటికి తీసుకెళ్ళింది. తొట్టి పూడ్చడం పది రోజులు ఆపమంది.

వాళ్ళ పెరట్లో నీడన పెద్ద మట్టి గోలెం ఉంది. అందులో వేసింది. నేను బడి నుంచి రాగానే సంచీ పడేసి గోలెం దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఒక రోజు గడిచింది, మూడు రోజులు గడిచాయి, వారం గడిచింది. రెండు చేపలూ తోకలు ఊపుకుంటూ తిరుగుతున్నాయి. నాకు సంతోషం కంటే ఆశ్చర్యమే ఎక్కువైంది. వాళ్ళదీ మా కుళాయే, పొద్దున ఒకే గంటలో వచ్చే ఒకే నీళ్ళు. ఏం మందు వేశావు దాయీ అని అడిగితే నవ్వింది. మందు చెప్పను, ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా ఇక్కడ కూర్చుని నేను ఏం చేస్తానో చూడు, నీకే తెలుస్తుంది అంది.

ఆ ఆదివారం గోలెం పక్కనే మకాం పెట్టాను. మధ్యాహ్నం అక్కడే తిన్నాను. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచిన బాసీ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మా ఇంట్లో దాన్నే చద్దన్నం అంటాం. తినడం తప్ప ఆ రోజంతా చూడటానికి ఏమీ జరగలేదు. దాయీ పొద్దున కుళాయి రాగానే ఒక బకెట్ నింపి, మూత పెట్టకుండా ఆరుబయట ఉంచింది. దాని పక్కన నిన్నటి బకెట్ ఉంది. గోలెంలోంచి రెండు చెంబులు తీసి అరటిచెట్టుకి పోసి, నిన్నటి బకెట్ లోంచి రెండు చెంబులు గోలెంలో పోసింది. అంతే. గోలెం గోడకి వేలెడు మందాన పాచి ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

సాయంత్రం నేను ఓడిపోయానని ఒప్పుకున్నాక, పొద్దున ఆమె చేసిన పనే మళ్ళీ తలుచుకోమంది. లోపలి కుళాయి దగ్గర డ్రమ్ములో మూత బిగించి ఉంచిన పొద్దుటి నీళ్ళు చెంబుతో తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. ఆసుపత్రి వరండా వాసన. నిన్నటి బకెట్ నీళ్ళు పెట్టింది. ఏ వాసనా లేదు. వానాకాలంలో రోగాలు రాకుండా కాలనీ ట్యాంకులో బ్లీచింగ్ పొడి ఎక్కువ కలుపుతారని నాకు తెలుసు, రోజూ ఆ నీళ్ళతోనే స్నానం చేస్తాను. కానీ ముక్కుతో ఎన్నడూ ఆలోచించలేదు. ఆ ఘాటు చేపకి విషమనీ, ఒక రాత్రి ఆరుబయట ఉంచితే అది ఎగిరిపోతుందనీ అప్పుడు తట్టింది.

“పానీ లా థోకిన్ బైఠన్ దే, నోనీ,” అంది దాయీ. నీళ్ళని కాస్త కూర్చోనివ్వు తల్లీ అని. అన్నం బాసీ అయితే మనకి చలవ, నీళ్ళు బాసీ అయితే చేపకి చలవ అని నవ్వింది. పెద్దల మాట చద్దన్నం మూట అని మా మామ్మ రోజుకి పదిసార్లు అనేది. ఆ మూటని గోడకి అవతల నుంచి అందుకుంటానని నేను అనుకోలేదు.

ఇంటికి పరిగెత్తుకెళ్ళి తాతయ్య నోటు పుస్తకం తీశాను. చేప పోవడం, తొట్టి కడగడం, చేప పోవడం, తొట్టి కడగడం. ఇన్నాళ్ళూ దాన్ని, చేప పోతే కడుగుతున్నాం అని చదువుకున్నాం. పేజీ వెనక్కి తిప్పాను. అన్నిటికంటే ముందు వరుసలో ఉన్నది చావు కాదు. శ్రావణ శుక్రవారానికని తొట్టి శుభ్రం, మా ఆవిడ ఆజ్ఞ అని తాతయ్య ముత్యాల్లాంటి దస్తూరీతో రాసుకున్నాడు. మేం కడిగాక చేపలు పోతున్నాయి. పోయాయని కడుగుతున్నాం. కడిగామని మళ్ళీ పోతున్నాయి.

నాకు ఒళ్ళంతా పులకరింత. ఇంట్లో ఇంతమంది పెద్దలు కనిపెట్టలేనిది నేను కనిపెట్టాను. పుస్తకం పట్టుకుని మళ్ళీ దాయీ దగ్గరికి వెళ్ళి, మామ్మే చంపింది, ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను అన్నాను. దాయీ నా మణికట్టు పట్టుకుంది. తడి చెయ్యి, గట్టి పట్టు. ఆ రోజు ఆమె అన్న మాటలు ఛత్తీస్‌గఢీలో అన్నా, నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

“మీ మామ్మ చేతులతోనే అవి పోయాయని చెబితే, ఆ చేతులు మళ్ళీ వాటికి అటుకులు వేస్తాయా?”

నేను పుస్తకం మూసేశాను. కానీ చెప్పకపోతే ఎలా? కడగొద్దు అంటే మామ్మ వినదు. ఆమె పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పైగా మైల విషయంలో తాతయ్య మాటకే దిక్కు లేదు. దాయీ అటూ ఇటూ చూసి, మీ మామ్మ రైల్లో నది దాటేటప్పుడు ఏం చేస్తుంది అని అడిగింది. నేను చెప్పాను. ఏ నది వచ్చినా లేచి నిలబడి, కిటికీ లోంచి రూపాయి వేసి దండం పెడుతుంది. దేవుడి అరలో మూతికి లక్క వేసిన గంగ చెంబు ఉంది, గంగకి మైల అంటదు అంటుంది. దాయీ తల పంకించి, అయితే సరే అంది.

తొట్టి నింపి నాలుగు రోజులు ఎవరూ ముట్టుకోకూడదని, అయిదో రోజు మంచిదని దాయీ మా ఇంట్లో చెప్పింది. మామ్మ సరేనంది. అయిదో రోజు పొద్దున దాయీ తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని, రాగి చెంబు మీద మామిడాకు మూతపెట్టి మా గుమ్మంలోకి వచ్చింది. రాజిమ్ సంగమంలో ముంచిన మహానది నీళ్ళు, అమ్మాజీ, మీ చేత్తో తొట్టిలో పొయ్యండి అంది. మామ్మ ఆ చెంబుని కళ్ళకద్దుకుంది. పెదవులు కదుపుతూ, ఒక్క చుక్క కింద పడకుండా తొట్టిలో పోసింది. తరవాత రెండు చేపల్నీ వదిలాం. అవి ఒకసారి తొట్టంతా చుట్టివచ్చి మామ్మ పీట వైపుకే వచ్చి ఆగాయి.

మామ్మ కాసేపు ఆలోచించి, నది నీళ్ళు కలిసినవి ఇక కాలవలో పారబోయకూడదు కదా అంది. దాయీ ఏమీ ఎరగనట్టు, మీరు పెద్దవాళ్ళు, మీకే తెలియాలి అంది. అంచుకి పాచి పడితే గీకొచ్చా అని మామ్మే మళ్ళీ అడిగి, నది ఒడ్డున పాచిని ఎవరు గీకుతారులే అని తనే జవాబు చెప్పుకుంది. తగ్గిన నీళ్ళకి కొత్త నీళ్ళు పోయాలంటే మాత్రం, నదిలో కలిసేవి కాబట్టి ఒక రాత్రి బయట ఉంచి పోయడం తమ ఊరి పద్ధతని దాయీ మెల్లగా చెప్పింది. ఇంత కాలం వేరే ఊరి పద్ధతి దేన్నీ మామ్మ మా ఇంట్లోకి రానివ్వలేదు, ఆ పద్ధతిని మాత్రం ఆ పూటే మొదలుపెట్టింది. ఖాళీ చెంబు తిరిగివ్వకూడదని అందులో గోంగూర పచ్చడి పెట్టి పంపింది.

చేపలు బతికాయి. బతకడమేమిటి, మరుసటి వానలకి గుడ్లు పెట్టాయి, పిల్లలు పుట్టాయి. వాటిలో నాలుగింటిని దాయీ గోలెంలో వదిలాం. తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళు రోజూ గోంగూర మడికి పోస్తుంటే ఆకులు అరచేతులంత పెరిగాయి, ఇన్నాళ్ళకి రాయపూర్ మట్టికి పులుపు వచ్చిందని మామ్మ ఒప్పుకుంది. ఎవరైనా చుట్టాలు వచ్చి తొట్టికి పాచి పట్టిందేమిటని అడిగితే, అది మహానది పాచి అని గర్వంగా చెప్పేది. పక్కన నిలబడి నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయేదాన్ని. ఎందుకంటే ఆ పొద్దున దాయీ ఆ చెంబుని ఏ నదిలో ముంచిందో నేను గోడ మీంచి చూశాను. ఆరుబయట పెట్టిన నిన్నటి బకెట్‌లో.

ఆ రహస్యాన్ని ఎనిమిదేళ్ళు కడుపులో దాచుకున్నాను. కాలేజీ సెలవుల్లో మామ్మా నేనూ విజయనగరం రైల్లో వెళ్తున్నాం. ఆరంగ్ దాటాక మహానది వంతెన వచ్చింది. మామ్మ అలవాటుగా లేచి రూపాయి వేసి దండం పెట్టుకుని కూర్చుంది. నాకు ఇంక ఆగలేదు. ఆ రోజు చెంబులో ఉన్నవి ఈ నీళ్ళు కావు మామ్మా అని చెప్పేశాను. ఆమె మొహం ఎలా మారుతుందోనని భయంగా చూశాను. మామ్మ కొంగుతో కిటికీ ఊచ తుడుస్తూ చిన్నగా నవ్వింది.

“నాకు తెల్దనుకున్నావేటే? ఆ వారం దాయీ మొగుడికి జొరం, అది కాలనీ దాటనేదు. రాజిమ్ ఎప్పుడెల్లింది? మొగుడు సెప్పినా, బళ్ళో పంతుళ్ళు సెప్పినా ఇనని దాన్ని నేను. నా పరువు ఒక్క సుక్క ఒలక్కుండా సెప్పింది గదా, అందుకే ఇన్నాను.”

నేను దాచుకున్న రహస్యాన్నే ఆమె నా కంటే ముందు నుంచి, నా కోసం, దాయీ కోసం దాచుకుంది. తను చేసిన పొరపాటు కూడా ఆమెకి అప్పుడే తెలిసింది. అయినా మర్నాడు పొద్దున మళ్ళీ పీట వేసుకుని అటుకులు నలిపింది. తెలిసి కూడా ఆ పని చేయగలిగేలా ఒకరు చెప్పారు కాబట్టి.

నాది తొందర స్వభావం, ఇప్పటికీ తగ్గలేదు. ఎదుటివాళ్ళ తప్పు కనబడగానే గోడెక్కి అరవాలనిపిస్తుంది. అరిచే ముందు మాత్రం ఒక రాత్రి ఆ మాటని ఆరుబయట కూర్చోబెడతాను. పొద్దుటికి ఘాటు పోతే, అప్పుడు చెంబులో పోసుకుని వెళ్తాను.